గుడ్ల మీదున్న జెల్ల

మా పక్కింటి అన్న మొన్న మంగళవారం పొద్దున పోయాడు. దవాఖాన నుంచి కబురు వచ్చినప్పుడు నేను పేపరు చదువుతున్నాను.

ఆయన ఇబ్రహీంపట్నం చెరువులో చేపలు పట్టి బతికాడు. నేను కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి బతికాను. నా ఇంటినిండా పుస్తకాలే. చెరువులోకి వచ్చే వాగులో బురదరంగు జెల్లచేప ఉంటుందని చదివాను గాని, ఆయన చూపించేదాకా ఒక్కటీ నా కంటపడలేదు. ఒంటినిండా మచ్చలు. రాళ్ల సందున మీసాలు పరిచి, నాచుపట్టిన రాయిలా కదలకుండా పడి ఉంటుంది.

"కండ్లతోని దేవులాడకు సారూ, కాళ్లతోని దేవులాడు" అనేవాడు. అలా వెతకబోయి ఒకసారి జెల్ల ముల్లు గుచ్చించుకున్నాను. పసుపు అద్దుతూ, "ఇగ పాసైనవ్" అని నవ్వాడు.

పోయిన వానకాలం మొదట్లో ప్లాట్ల వెంచరువాళ్లు ఆ వాగు పూడ్చడానికి అనుమతి అడిగారు. చేపలున్నాయి, పూడ్చొద్దని నేను అర్జీ రాశాను. తనిఖీకి వచ్చిన అధికారి నా పాత శిష్యుడే. మొద్దు. జాలిపడి పాస్ చేశాను, తప్పు నాదే. రెండుసార్లు వల వేయించి, "ఏం లేవు కద సార్" అన్నాడు.

అన్న మోకాలిలోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. "నా కాళ్లకాడనే ఉన్నది" అన్నాడు.

"తియ్యన్నా, చూపెట్టు!" అని అరిచాను.

"గుడ్లమీదున్నది సారూ. తీస్తె గుడ్లన్ని ఆగమైతయ్."

"తియ్యకుంటె వాగే పోతది!"

"గది మీరు సూసుకోర్రి. గుడ్లమీదున్నదాన్ని మా నాయిన పట్టలె, నేను పట్ట."

చేపలు లేవని రాసుకుని పోయాడు శిష్యుడు. నిన్న పాత విద్యార్థుల వాట్సప్ గ్రూపులో నేను పెట్టిన అన్న ఫొటో కింద 'ఓం శాంతి' అని పెట్టాడు. నేను ఆ గ్రూపులోంచి బయటికి వచ్చేశాను. నా చేతనైంది అంతే.

అప్పట్లో అనుమతి దొరికి, వాగు పూడ్చే మొరంమట్టితో టిప్పర్ వచ్చిన రోజు అన్న అడ్డం నిలబడ్డాడు.

"తాతా, జరుగు" అన్నాడు డ్రైవరు.

"నాలుగు దినాలాగు బిడ్డా. పిల్లలైతే గవే చెర్లకు పోతయ్."

ఆ డ్రైవరు తల గోక్కుని బండి వెనక్కు తిప్పాడు. మర్నాడు వేరే డ్రైవరు వచ్చాడు. నేను ఒడ్డున నిలబడి ఫోన్లు చేస్తూనే ఉన్నాను. ఎవరూ ఎత్తలేదు.

మధ్యాహ్నానికి వాగు లేదు. మొరం కింది నుంచి ఎర్రనీళ్లు సన్నగా ఊరుతుంటే, అన్న గొంతుక్కూర్చుని తువ్వాలలో వడకడుతున్నాడు. తడి తువ్వాలను రెండు చేతులా ఎత్తి నా కళ్లద్దాల ముందు పట్టాడు.

"సూడు సారూ, ఏమన్న కదుల్తున్నయా?"

గుడ్లో, మట్టి నలకలో నాకు తెలియలేదు. ఆయన చేతులు వణుకుతున్నాయి. తువ్వాల మీద అన్నీ కదులుతున్నట్టే ఉన్నాయి.