అభ్రకం గుంతలోకి దిగిన రోజు

మొన్న మా మనుమరాలు ఫోన్ చేసి, తను చదువుతున్న భూగర్భశాస్త్రంలో ఆడపిల్లలకూ వెనుకబడిన వర్గాల పిల్లలకూ ఉపకారవేతనంతో పాటు చేయిపట్టి నడిపించే ఒక పెద్ద శాస్త్రవేత్తను కూడా చూపిస్తున్నారనీ, మీ కాలంలో నీకు మెంటార్ ఎవరమ్మమ్మా అనీ అడిగితే, టీవీ చప్పుడులో వినబడలేదని సాకు చెప్పి పెట్టేశాను. ఆ పిల్లకు చెప్పలేనిది నా ఈడు వాళ్ళకు చెప్పవచ్చుననిపిస్తోంది.

అసలు నేను ఆ చదువులోకి వెళ్ళిందే పొరబాటున. మాది బోగోలు దగ్గర సముద్రం ఒడ్డు పల్లె, నాన్న మిషన్ బడిలో పంతులు. అరవైలలో నేను కాలేజీకి వెళ్ళినప్పుడు, పిల్లలకు దేశపటాలు చూపించే టీచరమ్మను కావాలని జాగ్రఫీ అడగబోతే, గుమాస్తా జియాలజీయేనా అన్నాడు, రెండూ ఒకటేననుకుని తలూపాను. క్లాసులోకి వెళ్ళి చూస్తే బల్లనిండా రాళ్ళు, బెంచీలనిండా మగపిల్లలు. మార్చుకుందామంటే, ఎవరూ చేరని ఆ శాఖలో చేరిన పేదపిల్లలకిచ్చే స్కాలర్‌షిప్పు అప్పటికే నాకు వచ్చేసింది, అది లేకపోతే చదువే లేదు. మా ఊళ్ళో వాళ్ళేమో అది బావులు తవ్వించే చదువనుకుని, సెలవులకు వెళితే చాలు, "పాపా, ఈడ తవ్వితే ఉప్పునీళ్ళు పడతాయా, మంచినీళ్ళు పడతాయా?" అని దొడ్లు చూపించేవారు. నాకేం తెలుసు, నేనూ వాళ్ళలాగే తెల్లమొహం వేసుకుని ఆ ఇసుక వంక చూసేదాన్ని.

చివరి ఏడు గూడూరు వైపు అభ్రకం గనుల దగ్గర క్యాంపు ఉంటుందనీ, అది చేయకపోతే పట్టా రాదనీ చెప్పారు. మగపిల్లలతో ఆడపిల్లను పంపడానికి కాలేజీ పెద్దలు ఒప్పుకోలేదు, మా నాన్నా ఒప్పుకోలేదు. అప్పుడు మా లెక్చరర్ గారు, ఎందుకంత పట్టుదల వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు, నాన్నను తమ ఇంటికి పిలిపించి, "మా అమ్మను తోడు తీసుకొస్తాను పంతులుగారూ, ఇంకేం భయం?" అన్నారు. వాళ్ళమ్మగారు తెల్లచీర కట్టుకునే విధవరాలు, మడీ ఆచారం గట్టిగా పాటించే మనిషి. ఆమె గుమ్మం లోపలి నుంచే మా నాన్నతో, "నేనుండాను కదయ్యా. నిశ్చింతగా పో," అన్నారు.

క్యాంపులో ఆమె నాతో మాట్లాడిందే తక్కువ. బసలో నాకు గది ఇచ్చి, గుమ్మానికి అడ్డంగా తన చాప పరుచుకుని పడుకునేవారు. అన్నం మాత్రం నా ఆకులో ఎత్తునుంచి వేసేవారు, గరిటె తగలకుండా. ఎండలో కొడుకు వెనకే నడిచి, మేము రాళ్ళు కొడుతుంటే గొడుగు వేసుకుని దూరంగా కూర్చునేవారు. ఆమెను చూస్తే నాకు భయమో, కృతజ్ఞతో, కోపమో తెలిసేది కాదు.

ఆఖరి రోజు అందరం గనికి వెళ్ళాం. పెద్ద బావి లాంటి గుంత, చెక్క నిచ్చెనల మీదుగా దిగాలి. మగపిల్లలు దిగాక నేను కాలు పెట్టబోతే మేస్త్రీ అడ్డం వచ్చినాడు.

"ఆడపిల్ల దిగితే గనికి అచ్చిరాదు సార్."

లెక్చరర్ గారు వెనక్కి తిరిగి వాళ్ళమ్మగారి వంక చూశారు. ఇంతలో గొడుగు మూసి ఆమె లేచి వచ్చారు.

"ఆ తట్టలు మోసుకుని పైకొస్తుండేది ఆడవాళ్ళు కాదా అబ్బయ్యా? వాళ్ళు దిగితే లేని దోషం ఈ పిల్ల దిగితే వచ్చిందా? తప్పుకో."

దిగాను. కింద గోడలంతా తళతళలాడుతుంటే, పుస్తకంలో బట్టీపట్టిన గీతలు మొదటిసారి రాతిలో కనిపించాయి. పొరబాటున చేరిన చదువు నాదైంది అక్కడే. పైకి వస్తుంటే చివరి మెట్టు మీద కాలు జారింది. ఆమె వంగి నా మణికట్టు పట్టుకుని, ఆ వయసులో అంత బలం ఎక్కడిదో, ఒక్క ఊపున లాగేశారు. గట్టు మీద కూర్చోబెట్టి, "దెబ్బ తగిలిందా?" అని మోకాలు తడిమి చూశారు కూడా. బసకు రాగానే నూతి దగ్గరికి వెళ్ళి, చీరతో సహా తలస్నానం చేశారు. గదిలో నుంచి చూస్తూ నేను ఏడ్చాను, ఏ సంగతికి ఏడుస్తున్నానో తెలియకుండానే.

డిగ్రీ వచ్చింది, ఉద్యోగం వచ్చింది. తరవాత ఎప్పుడో ఆమె పోయారని విన్నాను. ఒక్కసారైనా వెళ్ళి అడగవలసింది, కానీ ఏమని అడగను?

పోయినేడు అటువైపు వెళ్ళినప్పుడు కారు ఆపించి చూశాను. గుంత నిండా పచ్చటి నీళ్ళు, చుట్టూ ముళ్ళకంచె. ఎవరో కాలేజీ పిల్లలు, ఆడా మగా కలిసి, ఒకే డబ్బాలో పులిహోర తింటూ నవ్వుకుంటున్నారు. ఎంత తేలికగా ఉన్నారో చూసి సంతోషపడ్డాను. ఆమె ఏ గట్టు మీద నిలబడి చేయి చాచారో చూద్దామని కంచె వెంబడి చాలాసేపు తిరిగాను. పోల్చుకోలేకపోయాను.