పిండి చల్లారకముందే

మహబూబాబాద్ స్టేషన్ బయట జొన్నరొట్టెలు చేసే చాందీకి అలుపెందుకు రాదు? వేడినీళ్లతో కలిపిన పిండి చల్లారితే రొట్టె పగులుతుందని ఆమె చెయ్యి ఆపదు. మాట్లాడుతున్నా గాజులు మోగుతూనే ఉంటాయి, చూపు పెనం మీదే ఉంటుంది. ఎదురుగా ఉన్న హోటల్ రాజలింగం ఎన్నిసార్లు వద్దన్నా, రోజూ ఒక వేడి రొట్టె చేతిలో పెట్టి ఆర్డర్ అడిగేది. చివరికి ఆయనే బుట్ట తెచ్చి పెట్టాడు. "ఒక్కదానివి ఎన్నని చేస్తవ్? పగటి రైలు వచ్చేలోపు గిది నింపు. నింపితే రేపటి సంది నా హోటల్ రొట్టెలన్నీ నీయే."

బుట్ట సగం నిండిందో లేదో, గ్యాస్ అయిపోయింది. "అయిపాయె! ఇగ తండాకు పో," అని నవ్వాడు రాజలింగం. చాందీ అరచేతిలోని పచ్చి రొట్టెతోనే రోడ్డు దాటి, చాయ్ అమ్మే యాదగిరి బండి పొయ్యి మీది గిన్నె దించేసింది. "అన్నా, జర జరుగు! పిండి సల్లారుతది!"

"మరి నా గిరాకి?" అని మొత్తుకుంటూనే యాదగిరి మంట పెంచాడు. చాయ్ కోసం నిలబడ్డవాళ్లే పెనం మోసుకొచ్చారు, పిండి అందించారు. రైలు కూత వినబడేసరికి చివరి రొట్టె పొంగి బుట్టలో పడింది. అందరూ ఈలలు వేశారు.

"సరే తియ్, రేపటి సంది..." అంటూ రాజలింగం తలెత్తి చూశాడు. చాందీ లేదు. జొన్నల సంచి నెత్తిన పెట్టుకొని, రేపటి పిండి పట్టించేందుకు అప్పుడే గిర్నీ సందు మలుపు తిరుగుతోంది.