పసుపు వేలు పెట్టిన వరుస

మొన్న ఆదివారం పొద్దున్నే మా మేనల్లుడు లారీని మా గుమ్మం ముందు ఆపి, చేతిలో గుడ్డమూట ఒకటి పట్టుకుని దిగాడు. మేనల్లుడంటే రక్తసంబంధం కాదు. వాళ్ళమ్మా నేనూ ఒకే ఓడలో ఫిజీ వచ్చాం. కులం, ఊరు, ఇంటిపేరు అన్నీ సముద్రం తాగేశాక మాకు మిగిలిన చుట్టరికం ఓడ ఒక్కటే. ఆ లెక్కన మా బా ఊరి చుట్టుపక్కల నాకు చాలామంది అక్కచెల్లెళ్ళున్నారు. అందులో సగంమంది నా మాట నమ్మరు. మూట విప్పితే అట్ట ఊడిపోయిన పాత పుస్తకం. "అమ్మ పంపింది మామా. చెదలు పట్టకముందే అట్ట వేయించమంది," అంటూ వాడు పేజీలు గలగలా తిప్పి నవ్వాడు. "ఏముంది దీంట్లో? రాజాలోగ్ కహానీయేనా? వాళ్ళంతా మర్‌గయా కదా. చచ్చిపోయినోళ్ళ గోల మనకెందుకు మామా?" వాడికి తెలుగు మాట్లాడటం కాస్త వచ్చు, చదవడం రాదు. వాడు కింద పెట్టగానే పుస్తకం దానంతటదే ఒకచోట తెరుచుకుంది, ఏళ్ళ తరబడి ఎవరో అక్కడే తెరిచి చూసినట్టు. ఆ పేజీలో కిందినుంచి నాలుగో వరుస మీద పసుపు మరక, అచ్చం వేలి కొన అంత.

నేను అబద్ధాలకోరునని ఈ జిల్లాలో చెరుకు గడలకు కూడా తెలుసు. మా ఓడ దారి తప్పితే తిమింగలం ఒకటి రెండు రోజులపాటు వీపు మీద మోసుకొచ్చిందని ప్రచారం చేసింది నేనే. అది తోక ఊపి వీడ్కోలు చెప్పిందని తరువాత కలిపిందీ నేనే. అందుకని ముందే మాటిస్తున్నాను: ఇప్పుడు చెప్పేదాంట్లో అబద్ధం ఒక్కటే ఉంది, అది వచ్చినప్పుడు నేనే చూపిస్తాను.

ఆ పుస్తకం అసలు నాది కాదు. ఓడెక్కే ముందు కూలీలని ఉంచే మద్రాసు డిపోలో నా పక్కన పడుకున్న మనిషి ఓడని చూడగానే మనసు మార్చుకుని, గోడ దూకి పారిపోతూ వదిలేసిన ఆస్తి. ఏదో జమీందారీ వంశ చరిత్ర. ఎవరికి ఎవరు పుట్టారు, ఎవరి మీద ఎవరు దండెత్తారు, అన్నీ ఉప్పూకారం లేని వాక్యాలు. కానీ మేముండే కూలీ లైన్లలో, అంటే పశువుల కొట్టంలాంటి పొడుగాటి షెడ్డులో వరసగా ఉండే గదుల్లో, తెలుగు అక్షరం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆదివారం మధ్యాహ్నం బట్టలు ఉతికి ఆరేశాక అందరూ షెడ్డు నీడలో చేరేవారు, నేను చదివేవాణ్ణి. యుద్ధాలొస్తే ఆవలించేవారు. లైనుకంతటికీ పెద్దదిక్కయిన ముసలమ్మని పెద్దమ్మ అనేవాళ్ళం. ఆవిడ చెయ్యెత్తి ఆపేసేది. "యుద్దం అలాగుంచు బాబూ. అంత సైన్నానికి అన్నం ఎవులు వొండినారు? గంజి ఎక్కడ వార్సినారు?" పుస్తకంలో లేదంటే కోపం. "మరేటి రాసినాడు, ఆ రాసినోడు?" ఒకసారి మాత్రం ఫలానా రాజుగారికి పంటినొప్పి వచ్చి దండయాత్ర ఆగిందని చదివాను. వారమంతా చెరుకు తోటలో అదే ముచ్చట. కత్తులు కింద పెట్టి మరీ దవడలు పట్టుకుని నవ్వారు. అయిదేళ్ళ గిర్మిట్టుకు, అంటే కూలి ఒప్పందానికి, వేలిముద్రలు వేసొచ్చిన మాకు, రాజుకీ పన్ను సలుపుతుందన్న సంగతి ఎంత హాయిగా ఉండేదో ఇప్పుడు చెప్పడం కష్టం.

కథ చెప్పేవాడికి ఎదురుగా ఊకొట్టే మనిషి ఒకరుండాలి. ఊఁ లేకపోతే కథ ముందుకు నడవదు. అది మా పల్లెల్లో నియమం, దాన్ని మాత్రం సముద్రం తాగలేకపోయింది. ఓడలో నాకు ఊకొట్టింది ఈ మేనల్లుడి తల్లే. కడుపులో తిప్పుతుంటే బాల్చీ పట్టుకుని కూర్చుని కూడా నా ప్రతి అబద్ధానికీ ఊఁ కొట్టిన మహాతల్లి. లైన్లలోనూ ఆ పని అక్కదే. అలాంటి అక్క నోరు రెండో ఏడు మూతపడిపోయింది. తొమ్మిది నెలల ఆడపిల్ల విరేచనాలు పట్టుకుని మూడు రోజుల్లో చేతిలోంచి జారిపోయింది. మేం తాగేది వాగు నీళ్ళు, ఎగువన ఎస్టేటు ఎద్దులు పొర్లే నీళ్ళు. అక్క గుమ్మానికి గోనె తెర దించేసి లోపలే ఉండిపోయింది. తిండి లేదు, మాట లేదు, రోజూ కొలిచిచ్చే టాస్కు పనీ లేదు. మా మీద అజమాయిషీ చేసే సర్దారు వచ్చి అక్క మొగుడితో, అదే మా బావతో, ఖరాఖండీగా చెప్పాడు: "వచ్చే సోమవారం కాక ఆ పై సోమవారం దాకా చూస్తాను. ఆ తరువాత కూడా కత్తీ పారా పట్టకపోతే కోర్టుకి రాయడమే." కోర్టంటే జైలని అందరికీ తెలుసు. బావ నా దగ్గరికొచ్చి, "నీ నోటికి పెద్ద పేరుంది కదేటి బావా, దాన్ని ఒక్కపాలి ఊఁ అనిపించు," అన్నాడు.

ఇక్కడే ఆ అబద్ధం. ఆ ఆదివారం గోనె తెరకి దగ్గరగా కూర్చుని, పుస్తకం తెరిచి, అందులో లేనిది చదివాను. రాణిగారి బిడ్డ చనిపోయిందట, మహర్షి వచ్చి కమండలంలో నీళ్ళు చల్లాడట, బిడ్డ కళ్ళు నులుముకుంటూ లేచి కూర్చుందట. తెర పక్కకి జరిగింది, అక్క నా ముఖంలోకి ఒకసారి చూసింది, తెర మళ్ళీ పడింది. పెద్దమ్మ కర్రతో నా మోకాలి మీద పొడిచింది. "ఏట్రా, రాణి బిడ్డని బతికించీసినావా? మరి దీని బిడ్డనీ బతికించీ. ఎల్లు, ఆ మహర్షినేదో తోలుకురా!" నేను పుస్తకం మూసేసి లేచాను.

ఆ వారమంతా ఖాళీ దొరికినప్పుడల్లా పుస్తకాన్ని మొదటిసారి నిజంగా చదివాను. శనివారానికి దొరికింది. ఆదివారం పెద్దమ్మ అక్కని బలవంతాన బయటికి లాగి, పసుపు రాసి తలంటు పోసి, గుమ్మంలో కూర్చోబెట్టింది. నేను కథ గొంతు పెట్టలేదు. ఉన్నది ఉన్నట్టు చదివాను: "రాణిగారి కుమార్తె తొమ్మిదవ మాసమున కాలము చేసెను. మరుసటి యేట రాణిగారు కోట దిగువన నూయి త్రవ్వించిరి."

అక్క పుస్తకం మీదికి వంగింది. "ఇది నువ్వు కలిపింది కాదూ?" అంది. బిడ్డ పోయాక అదే మొదటి మాట.

"కాదక్కా. అచ్చులో ఉంది."

"నాకు అచ్చరం రాదు కదరా. ఎక్కడుందో సూపించు." చూపించాను. ఇంకా పసుపు ఆరని వేలు దాని మీద పెట్టింది. "ఇంతేనా? బిడ్డ పోతే ఇంతే రాసినాడా?"

"ఇంతే అక్కా."

"తరవాత ఆవిడేటయింది?"

నాకు తెలుసు, వెతికి పెట్టుకున్నాను. ముప్ఫై పేజీలు తిప్పాను. అక్కడ మనవడి బారసాలలో, చుట్టాల జాబితా మధ్యలో, రాణి మళ్ళీ కనిపిస్తుంది. ఉయ్యాలకి తానే మొదటి ఊపు ఊపిందని రాశాడు. అది చదివాను. అక్క గోడకి తల ఆనించి, కళ్ళు మూసుకుని, "ఊఁ," అంది. బావ ముఖం అటు తిప్పుకున్నాడు. పెద్దమ్మ ముక్కు చీది, "ఇన్నాళ్ళకి పనికొచ్చే ముక్క సదివినావు," అని గంజి తేవడానికి లేచింది.

సోమవారం అక్క పార పట్టుకుని పనికి వెళ్ళింది. ఆ పై ఆదివారం వాగుకి వెళ్ళి, ఒడ్డు పక్క ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులా తవ్వింది. మా దేశంలో వేసవిలో తవ్వుకునే చెలమ. మూరెడు లోతున ఇసుకలోంచి వడకట్టినట్టు తేటనీళ్ళు ఊరాయి. అంతమందిమి చిన్నప్పుడు చెలమ నీళ్ళు తాగినవాళ్ళమే, ఏడాదిన్నరగా ఒక్కరికీ తట్టలేదు. రాణిగారికి తవ్వడానికి మనుషులుండేవారు, అక్కకి గోళ్ళే. లైనంతా ఆ నీళ్ళే తాగడం మొదలుపెట్టింది. పుస్తకాన్ని నేను అక్క దగ్గరే ఉంచేశాను.

ఇదంతా విన్నాక మేనల్లుడు లారీ సంగతి మరిచిపోయి కూర్చుండిపోయాడు. "అందుకేనా మామా, వాన వెళ్ళగానే ఏటేటా అమ్మ ఇసుకలో కూర్చుంటుంది? పంపు పెట్టిస్తానంటే నన్ను ఎంత గాలీ ఇచ్చిందో, ఎన్ని తిట్లు తిట్టిందో!" అని, ఆ పసుపు మరకని వేలితో మెల్లిగా తాకాడు. తరువాత పుస్తకం చివర ఖాళీగా ఉన్న పేజీ తీసి, జేబులోంచి పెన్సిలు ఇచ్చాడు. "అమ్మది కూడా రాయి మామా. ఝూట్ వద్దు."

నేను రాశాను. చెలమలోంచి బంగారు చేప ఒకటి ఎగిరిందని కలపాలని చెయ్యి గుంజింది, గట్టిగా పట్టి ఆపాను. చదివి వినిపించాను: "ఓడలో వచ్చిన ఒకామెకు తొమ్మిది నెలల బిడ్డ పోయింది. ఆ ఏడే ఆమె వాగులో చెలమ తవ్వింది. అందరూ తాగారు."

"తరవాత ఏమయింది?" అన్నాడు వాడు.

"తరవాత కొడుకు పుట్టాడు, లారీ తోలుతున్నాడు. వాడి పిల్లల బారసాలకి ఆ పక్క పేజీ వదిలాను," అన్నాను. వాడు నవ్వి, తల వంచుకుని, వాళ్ళమ్మ గొంతుతోనే ఊఁ అన్నాడు. కాలం మా వాగులాంటిది, ఏటా వరదొచ్చి చెలమని పూడ్చేసి పోతుంది. నీళ్ళు మాత్రం ఆ ఇసుక కిందే ఉంటాయి, ఎవరో ఒకరు మోకాళ్ళ మీద కూర్చునే దాకా.