పదకొండో నంబరు కాగితం

దయ్యం పట్టిందని వేపమండలతో కొట్టించిన ఇంటర్మీడియట్ పిల్లకు రక్తపరీక్ష చేయించి, అది రక్తహీనత అని తేల్చినదాన్ని నేను. చిలకలూరిపేటలో ఒక కాలేజీలో ఇరవై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పాను. అరచేతిలో విభూతి పుట్టించేవాళ్ల గుట్టును ల్యాబ్‌లో విద్యార్థుల ముందు చేసి చూపించాను. దయ్యాలను నేను నమ్మలేదు. ఇది రాస్తున్న ఈ రోజున కూడా నమ్మడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. నాకు తలవంపులు తెచ్చే భాగాన్ని కూడా దాచను.

ఓటింగ్ యంత్రాలు మా వైపు వచ్చిన రెండేళ్లకు, ఊళ్లో ఇంటర్నెట్ సెంటర్లు కిటకిటలాడుతున్న కాలంలో మొదలైంది ఇది. విద్యార్థులు ఒక క్విజ్ వెంట పడ్డారు. తెర మీద నలభై వాక్యాలు వస్తాయి. ఒక్కోదానికి పూర్తిగా అంగీకరిస్తున్నాను, అంగీకరిస్తున్నాను, వ్యతిరేకిస్తున్నాను, పూర్తిగా వ్యతిరేకిస్తున్నాను అనే నాలుగింటిలో ఒకటి నొక్కాలి. తటస్థంగా ఉండే వీలు లేదు. చివర ఒక చతురస్రంలో చుక్క పడుతుంది. అదే మీ రాజకీయ విశ్వాసం అంటుంది ఆ వెబ్‌సైటు.

నా విద్యార్థిని ఒకమ్మాయి ఆ చుక్కను ప్రింటు తీయించుకొని స్టాఫ్ రూముకు వచ్చింది. "మేడం, నేను మా నాన్న పార్టీ కాదంట మేడం. ఇంట్లో తెలిస్తే చంపుతారు."

ఒకే మనిషిని రెండుసార్లు కొలిచినప్పుడు దాదాపు ఒకే విలువ చూపనిదాన్ని పరికరం అనకూడదని నేను పాఠం చెప్పేదాన్ని. ఈ క్విజ్‌కు కూడా ఆ పరీక్ష పెడదామనుకున్నాను. నలభై వాక్యాలను తెలుగు చేసి, జిరాక్స్ తీయించి, ఇరవై నలుగురికి ఇచ్చాను. మూడు వారాల తర్వాత కొత్త కాగితాల మీద మళ్లీ అవే వాక్యాలు. కాగితాల మీద పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. ఎవరిది ఏ నంబరో నా రిజిస్టరులో ఉంటుంది. ప్రతి కాగితం మూల నేను ఆకుపచ్చ సిరాతో పొడి సంతకం చేస్తాను.

పదకొండో నంబరు జకరయ్య గారిది. మా ఫిజిక్స్ ల్యాబ్ అటెండరు. విభూతి మోసాలను బయటపెట్టడంలో నాకు కుడిభుజం. కుర్రతనంలోనే చర్చి మానేసి ఎర్రజెండా పార్టీలోకి వెళ్లినవాడు. ముప్ఫై ఏళ్లు ప్రతి ఎన్నికలోనూ పోలింగ్ ఏజెంటుగా కూర్చున్నాడు. ఆయన భార్య మార్తమ్మ మిరపకాయల తొడాలు, అంటే తొడిమలు, తీసే కూలికి వెళ్లేది, ఆదివారం చర్చికి వెళ్లేది. వాళ్లకున్న ఒక్క కూతురు తొమ్మిదో ఏట జ్వరంతో పోయింది. చర్చి సమాధుల తోటలో ఉంది.

"నేనేంటో తెలుసుకోడానికి ఇన్ని ప్రశ్నలా? మా ఆవిడనడిగితే ఒక్క ముక్కలో చెప్పుద్ది," అని నవ్వుతూ కాగితం అందుకున్నాడు జకరయ్య గారు. పది నిమిషాల్లో ముగించాడు. టిక్కు పెట్టమంటే సున్నాలు చుట్టాడు. కింద కొంచెం తెరిచి ఉండే సున్నాలు. కాగితాన్ని ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా మడిచి ఇచ్చాడు.

"ఇది బ్యాలెట్ కాదు జకరయ్య గారూ, మడవకండి," అన్నాను.

"చెయ్యి మాట వినదు మేడం గారూ."

యంత్రాలు రాకముందు ఆ మడత ఒక విద్య. ముద్ర సిరా ఆరకముందే అడ్డంగా మడిస్తే సిరా ఇంకో గుర్తుకు అంటుకొని ఓటు చెల్లకుండా పోతుంది. నిలువుగా మడిస్తే అదే వరుసలో పడుతుంది. ప్రతి ఎన్నికకూ ముందు కూలిపేటలో ఇల్లిల్లూ తిరిగి పాత కాగితాలతో ఆ మడత నేర్పేవాడాయన.

ఒక్క ప్రశ్న వదిలేశాడు. ఇరవై మూడోది. "చనిపోయినవారు చెప్పిపోయిన మాటకన్నా బతికున్నవారి అవసరమే ముఖ్యం" అన్నది ఆ వాక్యం.

"దీనికి ఇప్పుడు చెప్పలేను. ఆలోచించుకొని రెండోసారికి చెబుతా. మాటిస్తన్నా," అన్నాడు.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. నలభైకీ జవాబు ఇస్తే తప్ప ఆ వెబ్‌సైటు చుక్క చూపించదు. జకరయ్య గారు మాట తప్పని మనిషి కాబట్టి చనిపోయినవాళ్ల మాటకూ విలువ ఇస్తాడని ఊహించి, ఆయన కాగితం మీద "వ్యతిరేకిస్తున్నాను" దగ్గర పెన్సిలుతో చిన్న టిక్కు పెట్టి నమోదు చేశాను. అది ఊహ అని రిజిస్టరులో కూడా రాయలేదు. ఆ ఒక్క జవాబును అటూ ఇటూ మార్చి చూశాను. చుక్క దాదాపు కదలలేదు. అందువల్ల అది తప్పనిపించలేదు. చుక్క పడ్డది అందరూ అనుకున్న చోటే, ఎడమ అంచుకు దగ్గరగా.

రెండు వారాలకు జకరయ్య గారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, మాట పడిపోయాయి. గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్లారు. మార్తమ్మ వెంట వెళ్లింది.

ఆ మర్నాడు నేను రెండో విడత కాగితాలు జిరాక్స్ తీయించాను. లెక్క తప్పకూడదని పదకొండో నంబరు కూడా వేశాను. మా కెమిస్ట్రీ లెక్చరర్ ఎదుట ఇరవై నాలుగు కాగితాలూ లెక్కపెట్టి, సంతకాలు చేసి, కవరులో పెట్టి లక్కతో మూశాను. మూత అంచు మీద ఆవిడ చేత కూడా సంతకం చేయించాను. కవరును ల్యాబ్ బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా సంచిలోనే ఉంది.

నాలుగో రోజున ఆయన పోయాడు. మాట తిరిగి రాలేదు.

కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్న రోజులు. శవం ఇంటికి వచ్చేసరికి పదకొండు దాటింది. ఎండకూ ఘాటుకూ వాకిట్లో అందరూ దగ్గుతున్నారు. ఆ దగ్గుల మధ్యే గొడవ మొదలైంది. పార్టీ తరఫున కోటేశ్వరరావు వచ్చాడు. జకరయ్య గారితో పాతికేళ్లు కలిసి తిరిగినవాడు. కాలవ గట్టున జెండా దిమ్మె పక్కన పూడుస్తామన్నాడు. తన మీద ఎర్రగుడ్డ తప్ప ప్రార్థన పడకూడదని జకరయ్య గారు ఒకప్పుడు సభలో అన్న మాట నిజమే, నేనూ విన్నాను. పాస్టరు గారు మాత్రం సమాధుల తోటలో కూతురి పక్కన చోటు ఉందని, ప్రార్థన చేసి పూడుద్దామని వచ్చాడు.

"ఆయన ఏం నమ్మితే నాకేందయ్యా? పిల్ల పక్కన పడుకోబెట్టండి. రేపు నేనూ ఆడికే పోతా," అంది మార్తమ్మ.

"వదినా, అన్న మాటను మనమే కాదంటే ఎట్టా?" అని, కోటేశ్వరరావు నావైపు తిరిగాడు. నేను కాగితాలిచ్చిన ఇరవై నలుగురిలో అతనూ ఒకడు. "మేడం, ఆయన చేత్తో పెట్టిన జవాబులు మీ దగ్గరున్నాయి కదా. తెప్పించండి. గొడవ తీరుద్ది."

నేనే వెళ్లి తెచ్చాను. దేవుడి మీద, మతం మీద ఉన్న ప్రశ్నలకు ఆయన చుట్టిన సున్నాలను కోటేశ్వరరావు పైకి చదివాడు. తర్వాత ఇరవై మూడో ప్రశ్న కూడా చదివాడు. "ఇదిగో, చనిపోయినవాళ్ల మాటే ముఖ్యమని ఇక్కడ టిక్కు పెట్టాడు. ఇంకేం కావాలి?"

ఆ టిక్కు నాది. చెప్పడానికి నోరు తెరిచాను. అంతమంది నావైపు చూస్తున్నారు. ఒక్క జవాబుతో చుక్క కదలదు కదా అని నాకు నేను చెప్పుకొని మూసుకున్నాను.

"ఆయన చేత్తో పెట్టిందే అయితే నేను కాదనలేను," అని పాస్టరు గారు బైబిలు మూసి లేచాడు. మార్తమ్మ నా మొహంలోకి చూసింది. సాయంత్రం లోపల కాలవ గట్టున పని పూర్తయింది.

వారం తర్వాత రెండో విడత మొదలుపెట్టాలని బీరువా తీశాను. కెమిస్ట్రీ లెక్చరర్ పక్కనే ఉంది. లక్క చెక్కుచెదరలేదు. రెండు సంతకాలూ అంచు మీద కలిసే ఉన్నాయి. కవరు మాత్రం మధ్యలో కొంచెం ఎత్తుగా ఉంది.

లోపల ఇరవై నాలుగు కాగితాలున్నాయి. ఇరవై మూడు చదునుగా ఉన్నాయి. పదకొండోది ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా మడిచి ఉంది.

విప్పాను. ముప్ఫై తొమ్మిది ప్రశ్నలు ఖాళీ. ఇరవై మూడో ప్రశ్నకు "పూర్తిగా అంగీకరిస్తున్నాను" చుట్టూ నీలం బాల్‌పెన్నుతో ఒక సున్నా ఉంది. కింద కొంచెం తెరిచి ఉంది.

తర్వాత చేయాల్సిన పరిశీలనలన్నీ చేశాను. ఆ కాగితం పుట్టేనాటికి ఆయన కుడి చెయ్యి కదలదు. అది చిలకలూరిపేటలో ఉంది, ఆయన గుంటూరులో ఉన్నాడు. ఆ మడత మార్తమ్మకూ తెలుసు, కానీ ఆవిడకు చదువు రాదు, శవంతో పాటు వచ్చేదాకా ఆసుపత్రి వదల్లేదు. బీరువాకు ఉన్న రెండో తాళంచెవి ప్రిన్సిపాల్ దగ్గర అంటించిన కవరులోనే ఉంది. ఆ ప్రశ్న వదిలేశాడన్న సంగతి నేనెవరికీ చెప్పలేదు. తప్పు చేసిన బాధలో నాకు తెలియకుండా నేనే రాశానా అని కూడా ఆలోచించాను. కానీ మూసేటప్పుడు కాగితాలన్నీ చదునుగా ఉన్నాయని ఆ లెక్చరర్ నేటికీ చెబుతుంది. లక్క పగలకుండా నేను మాత్రం ఎలా తీయగలను? ఒక్క సున్నాను బట్టి చేతిరాత నిర్ధారించలేమని కూడా రాసి పెడుతున్నాను.

ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లి ఆ ఒక్క జవాబునూ నమోదు చేశాను. ఇంకా ముప్ఫై తొమ్మిది ప్రశ్నలు మిగిలాయని తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. చుక్క పడలేదు.

ఆ మధ్యాహ్నమే కాగితం తీసుకొని మార్తమ్మ దగ్గరకు వెళ్లాను. కల్లంలో పరదా నీడన తొడాలు తీస్తోంది. పెన్సిలు సంగతి ముందు చెప్పాను. తర్వాత ప్రశ్న చదివి, సున్నా చూపించాను. ఆవిడ చేతుల కారం కొంగుకు తుడుచుకొని కాగితం పట్టుకుంది. మడత మీద వేలితో నిమిరింది.

"ఆయన నిరుడే అన్నాడు మేడం గారూ. నేను ముందు పోతే నీకెక్కడ బాగుంటే అక్కడ పెట్టుకోవే, నాకు తెలిసేదుందా పాడుందా అన్నాడు. ఆ రోజు మీరు నన్నడగలేదు. కాయితం తెచ్చారు."

కాగితం నాకు తిరిగిచ్చి అడిగింది. "ఇప్పుడు తీసి పిల్ల దగ్గరికి మార్చడానికి అవుద్దా?"

కోటేశ్వరరావును అడిగాను. పెన్సిలు టిక్కు నాదేనని అతనికీ చెప్పాను. "దిమ్మె కట్టేశాం మేడం. ఇప్పుడు తవ్వితే జనం ఏమంటారు? అయినా తాళం వేసిన బీరువాలోంచి వచ్చిన ఒక కాగితాన్ని చూసి శవాన్ని ఎవరు తీస్తారు?" అన్నాడు. అతని స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేదాన్ని. శవాన్ని మార్చడానికి మండలాఫీసులో పెట్టిన అర్జీకి ఆధారం కావాలన్నారు. నా దగ్గర ఆధారం ఉంది. అది ఎలా వచ్చిందో రాయమంటే రాయలేకపోయాను.

మార్తమ్మ ఆరేళ్లకు పోయింది. కూతురి పక్కన పూడ్చారు. ఆ పక్కన ఇంకో మనిషికి చోటు ఇప్పటికీ ఖాళీగానే ఉంది. జకరయ్య గారు కాలవ గట్టునే ఉన్నాడు.

నా పరీక్షను పూర్తి చేయలేదు. ఆ క్విజ్ మనుషుల విశ్వాసాలను సరిగా పట్టుకుంటుందా అని ఎవరైనా అడిగితే, ముప్ఫై తొమ్మిది జవాబుల్లో అది పట్టుకున్న మనిషిని నేను మిగిలిన ఆ ఒక్క జవాబు దగ్గర పోగొట్టుకున్నానని చెబుతాను. ఆ కాగితం నా దగ్గరే ఉంది. ఎన్నోసార్లు పుస్తకాల కింద పెట్టి చదును చేశాను. రెండోసారికి చెబుతానని ఆయన మాటిచ్చాడు, చెప్పాడు. ఎలా చెప్పాడో నాకు తెలియదు. చెప్పేసరికి మేము పూడ్చేసి వారమైంది.