ఎద్దుకు పెట్టిన దణ్ణం

మొన్న శనివారం మా బంధువుల వాట్సాప్ గ్రూపులో మా పిన్ని కొడుకు ఒక పాత వీడియో పెట్టాడు. టోపీ పెట్టుకున్న బక్కపలచటి కుర్రాడొకడు ఇనుప కమ్ముల మీద నిలబడి, కింద బుసలు కొడుతున్న ఆబోతుకు రెండు చేతులూ జోడించి దణ్ణం పెడతాడు. అంతే, అక్కడితో ఆగిపోతుంది. ఆ కుర్రాణ్ణి నేనే. పొద్దెక్కేసరికి గ్రూపు నిండా దణ్ణాల బొమ్మలు, ఎంత దూరం పోయినా మన సంస్కారం మరవలేదని మెచ్చుకోళ్లు. పక్కగదిలో అమ్మ దాన్ని మళ్లీ మళ్లీ పెట్టించుకుని చూస్తోంది. నాకు మాత్రం తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, ఎందుకంటే ఆ వీడియో ఆగాక ఏం జరిగిందో నాకు తెలుసు.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో అమెరికా వచ్చిన మనవాళ్లంతా కంప్యూటర్ల వెంట పడ్డవాళ్లే. మా నాన్న పశువైద్యుడు. టెక్సస్‌లో, పశువుల సంత తప్ప మరో సందడి ఎరగని చిన్న ఊళ్లో ఉద్యోగం దొరికి, ఎనిమిదో తరగతి మధ్యలో నన్ను ఒంగోలు నుంచి తీసుకెళ్లి అక్కడి బళ్లో వేశాడు. ఇంగ్లీషు రాకముందే నాకు పశువుల దగ్గర చనువొచ్చింది. ఊరి పిల్లలు కోడెదూడలెక్కితే నేనూ ఎక్కాను, వాళ్లు పడిపోయారు, నేను పడలేదు, అదే నా కొంప ముంచింది. రెండువేల ఒకటిలో కాలేజీ మానేసి రోడియోల్లో ఆబోతు మీద స్వారీ చేసే వృత్తిలో దిగాను. ఒంటిచేత్తో తాడు పట్టుకుని, ఎగిరి కుమ్మే ఎద్దు వీపు మీద ఎనిమిది సెకన్లు నిలవాలి, ఆటంతా అదే. నాన్న ఒక్కసారి కూడా చూడటానికి రాలేదు. పశువుకు మందు పోసే ఇంట పుట్టి దాన్ని ఏడిపించి బతుకుతావా అన్నాడు.

ఓక్లహోమా కుర్రాడొకడూ నేనూ ఒకే ట్రక్కులో ఊరూరా తిరిగేవాళ్లం. నేను గొప్ప స్వారీ చేసేవాణ్ణని చెప్పను, కానీ పదిమందిలో తీసిపారేసేవాణ్ణీ కాదు. ఒక జాతరలో మైకు పట్టుకున్న పెద్దమనిషికి నేను ఇండియా వాణ్ణని తెలిసింది. ఇతని దేశంలో ఎద్దును పూజిస్తారట, ఇతను దేవుడి నెత్తినెక్కబోతున్నాడు అన్నాడు. జనం విరగబడి నవ్వారు. వచ్చే వారం ఒక దణ్ణం పెట్టరాదా అని అడిగాడు. పెట్టాను. పెట్టి, జనం వైపు తిరిగి కన్ను గీటాను. నా ఏ స్వారీకీ రానన్ని చప్పట్లు ఆ కన్నుగీటుకు వచ్చాయి.

అక్కణ్ణుంచి నాకు పిలుపులకు కొదవ లేదు. దణ్ణానికి తోడు మెళ్లోకి బంతిపూల దండ వచ్చింది, సితారు మోత వచ్చింది, ఎక్కిన మరుక్షణం కిందపడ్డా జనం ఈలలు వేసేవారు. సాధన తగ్గించాను. నిజానికి ఆట మొదలుపెట్టే ముందు రౌతులందరూ టోపీలు తీసి, తలలు వంచి ప్రార్థన చేసేవారు, వేలమంది నిశ్శబ్దంగా లేచి నిలబడేవారు. వాళ్ల పక్కనే నేనూ తల వంచేవాణ్ణి. గంట తిరక్కుండానే నా వాళ్ల దణ్ణాన్ని నేనే నవ్వులపాలు చేసేవాణ్ణి. ఓక్లహోమా కుర్రాడు ఆ ఏడు చివర్లో వేరే ట్రక్కు చూసుకున్నాడు. నాకు అర్థమైంది, అర్థం కానట్టు ఊరుకున్నాను.

కొన్నేళ్ల తర్వాత, నాన్నకు చెప్పకుండా అమ్మ ఒకసారి చూడటానికి వచ్చింది. లౌడ్‌స్పీకర్‌లో మైకు ఆయన అరిచే ఇంగ్లీషు ఆమెకు అంతుపట్టదు. నేను దణ్ణం పెట్టి తలెత్తేసరికి, అంతమంది నవ్వుల మధ్య మా అమ్మ చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని లేచి నిలబడి, తనూ చేతులు జోడించి కళ్లు మూసుకుని ఉంది. ఆ రోజు కన్ను గీటలేకపోయాను. ఆట అయ్యాక ఎద్దుల దొడ్డి దగ్గరికొచ్చి నా చొక్కా దుమ్ము దులిపింది.

"ఒరే నాయనా, నిన్నూరికే ఆడిపోసుకున్నాన్రా ఇన్నాళ్లూ. ఎక్కబోయే ముందు దణ్ణం పెట్టుకుంటన్నావు గదా, ఇంక నాకు బయం లేదు. ఆ మూపురం చూడు, అది మన ఒంగోలు గిత్త వంశమే. నిన్నేం చెయ్యదులే. జనం గూడా ఎంత సంబరపడ్డారో."

నేను అవునమ్మా అన్నాను. సిగ్గుతో చచ్చిపోవడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

తర్వాతి ఊళ్లో కమ్ముల మీద నిలబడ్డప్పుడు ఆ ఆబోతుకు మొదటిసారి నిజంగా దణ్ణం పెట్టాను. నన్ను క్షమించమనీ, అమ్మ నమ్మకం నిలబెట్టమనీ మొక్కుకున్నాను. జనం ఎప్పటిలాగే నవ్వారు. తేడా వాళ్లకెలా తెలుస్తుంది, వాళ్లకు ఆ నవ్వు నేర్పింది నేనే కదా. ఆ రోజు ఎనిమిది సెకన్లూ నిలిచాను. మర్నాడు మైకు ఆయనతో ఆ తమాషా ఇక వద్దన్నాను, ఆయన మంచిగానే సరేనన్నాడు. పిలుపులు కూడా అంత మంచిగానే ఆగిపోయాయి. రెండేళ్లకు భుజం విరిగింది, దాణా కొట్టులో పనికి కుదిరాను.

ఇందాక అమ్మ ఫోను పట్టుకుని వచ్చి, అక్కడితో ఆపేశాడేందిరా, తర్వాతేమైంది అని అడిగింది. కింద పడ్డానమ్మా అన్నాను. కన్నుగీటు సంగతి ఈ వయసులో ఆమెకు చెప్పి ఏం సాధిస్తాను.

కాలం చాలా మారింది. టెక్సస్‌లో మా ఊరికి అరగంట దూరంలోనే ఇప్పుడు గుడి ఉంది. ఆదివారం హారతి వేళ పక్కన పిల్లలు కూడా బుద్ధిగా చేతులు జోడిస్తారు, చూసి నవ్వేవాళ్లు ఎవరూ లేరు. నా రెండు చేతులూ కలిసేసరికి మాత్రం, నా చెవులు ఇంకా ఆ నవ్వు కోసమే ఎదురుచూస్తుంటాయి.