తూము నాలుగు, తాబేలు తొమ్మిదిన్నర

రెండంగుళాల మాస్టారికి ఉన్నది ఒకటే జబ్బు. లోకంలో ఉన్న ప్రతిదీ ఇంకా పెరుగుతుందని ఆయన నమ్మకం. పిల్లలు పెరుగుతారని అందరికీ తెలుసు. ఆయన లెక్కలో యాభై దాటినవాళ్ళూ పెరుగుతారు, దిండ్లూ పెరుగుతాయి, కిటికీలూ పెరుగుతాయి. అందుకని ముప్ఫై ఏళ్ళ టైలరు వృత్తిలో ఒంటికి సరిగ్గా సరిపోయే బట్ట ఆయన ఒక్కటీ కుట్టలేదు. కొలతలు మాత్రం నూలుపోగు తేడా రాకుండా తీసేవారు. తీసి, పుస్తకంలో రాసుకుని, దానికి రెండంగుళాలు కలిపి కుట్టేవారు. ఆ పేరు అలా వచ్చింది.

ఒకసారి రిటైరైన హెడ్మాస్టరు కొత్త ప్యాంటు తొడుక్కుని కిందికి చూసుకుంటే పాదాలు కనపడలేదు. తనకి డెబ్భై రెండేళ్ళనీ, ఇంక పెరిగే ఉద్దేశం లేదనీ ఆయన మొత్తుకున్నాడు. మాస్టారు శాంతంగా విని, "మన చేతిలో ఏముంది సార్. రేపు పెరిగి వస్తే ఆ గుడ్డ నేనెక్కణ్ణుంచి తేను?" అన్నారు. హెడ్మాస్టరు ఆ ప్యాంటుకి పిన్నీసులు పెట్టుకుని ఎనిమిదేళ్ళు తిరిగాడు. కుట్టు ఒక్కచోట కూడా ఊడలేదు కాబట్టి, తిట్టుకుంటూనే మళ్ళీ ఈ దుకాణానికే వచ్చాడు.

మాస్టారి భార్య తన బట్టలు పక్కవీధిలో కుట్టించుకునేది. ఈ సంగతి ఆయనకు తప్ప అందరికీ తెలుసు. ఆవిడ ఒంటిమీద చక్కగా అమరిన బట్ట చూసి, "చూశావా, కాస్త ఓపిక పడితే ఎప్పటికైనా సరిపోతుంది" అని ఆయన మురిసిపోయేవారు. ఆవిడ ఏనాడూ ఆ మురిపెం చెడగొట్టలేదు.

ఆవిడ తమ్ముడు, అంటే మాస్టారి బావమరిది, ఆ దుకాణంలోనే కాజాలు తీసి, గుండీలు కుట్టి, ఇస్త్రీ చేసేవాడు. మనిషి బక్కపలచన. ఇరవై ఏళ్ళుగా బావగారు కుట్టిన చొక్కాలే తొడుగుతున్నాడు. గాలివీస్తే మనిషి నిలబడ్డా చొక్కా నిలబడేది కాదు. బట్టలు వదులయ్యాయని పోట్లాటకొచ్చేవాళ్ళకి సమాధానం చెప్పే ఉద్యోగం కూడా అతనిదే. బావగారిని వెనకేసుకొచ్చేవాడు గానీ, ఆ పెరుగుడు సిద్ధాంతం మాత్రం వట్టి పిచ్చి అని అతని గట్టి అభిప్రాయం.

అతని కూతురి ఐదో పుట్టినరోజుకి ఒక తాబేలు పిల్లని కొన్నాడు. కోటు గుండీ అంత ఉంది. ఆకుపచ్చ డిప్ప, చెవి దగ్గర ఎర్రచార, చూస్తే ముద్దొచ్చేది. ఎక్కడో సముద్రాల అవతలి జాతి అట. మాస్టారు మెడలోంచి టేపు తీసి దానిమీద పెట్టారు. ఒకటిన్నర అంగుళం.

"ఇది పెరుగుతుందిరా. పెద్ద తొట్టి కట్టించు."

"ఇంతకంటే పెరగదని షాపతను చెప్పాడు బావగారూ."

"అతను అమ్ముతాడు. కొలవడు."

బావమరిది ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి మరీ నవ్వాడు.

ఆ తరవాత ఏటా మేనకోడలి పుట్టినరోజుకి మాస్టారు రెండు కొలతలు తీసేవారు. పుస్తకంలో పిల్ల ఫ్రాకు కొలత, దాని కింద తాబేలు కొలత. ఫ్రాకు ఏడాదికి రెండంగుళాలు పెరిగితే తాబేలు కూడా మడమ తిప్పలేదు. గాజు సీసాలోంచి గాజు పెట్టెలోకి, పెట్టెలోంచి బకెట్లోకి, బకెట్లోంచి స్నానాల గదిలోకి మకాం మార్చింది. ఐదేళ్ళకి దాని కొలత తొమ్మిదిన్నర. ఇంట్లోవాళ్ళు స్నానం చెయ్యాలంటే దాని దయ ఉండాల్సి వచ్చింది. ఇల్లంతా నీచువాసన. ఒకరోజు అది బావమరిది కాలి బొటనవేలు పట్టుకుని వదల్లేదు. పిల్లకి మాత్రం అదంటే ప్రాణం. తన గోళ్ళరంగుతో దాని డిప్పమీద ఒక ఎర్రచుక్క కూడా పెట్టింది.

వేలికి కట్టుకట్టుకున్న మర్నాడు, పిల్ల బడికి వెళ్ళిన వేళ చూసి, బావమరిది తాబేలుని గుడ్డసంచిలో వేసుకుని ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క చెరువు, పార్కు చెరువుకి పట్టుకెళ్ళి నీళ్ళలో వదిలేశాడు. దానికీ స్వేచ్ఛ, తనకీ స్వేచ్ఛ అనుకున్నాడు. కూతురితో మాత్రం స్నానాలగది తూములోంచి ఎటో పోయిందమ్మా అని చెప్పాడు. పిల్ల మూడురోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఓదార్చడానికి వచ్చిన మాస్టారు పోతూ పోతూ స్నానాలగదిలోకి వెళ్ళి, కాసేపుండి బయటికొచ్చారు. బావమరిది వంక ఒకసారి చూశారు.

మర్నాటినుంచి మాస్టారు తెల్లవారగానే షికారు మొదలుపెట్టారు. భుజాన ఒక వలసంచి. అందులో దూడ పడుతుంది. ఈ షికారేమిటని భార్య అడిగితే ఒళ్ళు పెరుగుతోందన్నారు. ముప్ఫై ఏళ్ళుగా అదే మాట వింటున్న మనిషి కాబట్టి ఆవిడ ఇంకేం అడగలేదు.

పన్నెండోరోజు పొద్దున మోకాళ్ళదాకా తడిసిన మాస్టారిని వెంటబెట్టుకుని పార్కు ఇన్‌స్పెక్టరు దుకాణానికి వచ్చాడు. అతని చేతిలో బకెట్ ఉంది. చెరువు గట్టున తాబేలుని చేత్తో పట్టుకుని ఉండగా ఈయన దొరికాడనీ, నీళ్ళలో వదలబోతుంటే తాను ఆపాననీ చెప్పాడు. కోపంగా లేడు. విసిగిపోయి ఉన్నాడు.

"ఇలాంటివి చెరువులో ఇప్పుడు రెండొందలున్నాయి," అన్నాడు. "అన్నీ ఎవరో ఒకరు ఇంట్లో పెంచుకుని, పెద్దవయ్యాక తెచ్చి పారేసినవే. చేపపిల్లల్ని మిగల్చవు. ఎండ కాగే రాళ్ళమీద మన తాబేళ్ళని ఎక్కనివ్వవు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు మన తాబేళ్ళు వందకి పైనే ఉండేవి. ఈ ఏడాది ఎంత వెతికినా ఏడు కనిపించాయి."

బావమరిది బకెట్లోకి తొంగిచూశాడు. డిప్పమీద ఎర్రచుక్క. అతని చేతికింద ఇస్త్రీపెట్టె కదలడం మానేసింది, హెడ్మాస్టరు చొక్కా కాలర్ కమురువాసన వేసింది.

"ఈ తాబేలు మీదేనా?" అని ఇన్‌స్పెక్టరు అడిగాడు.

"మా ఇంట్లోదే సార్," అన్నారు మాస్టారు.

అబద్ధమాడటం ఆయనకు చేతకాదు. ఎవరు వదిలారన్నది మాత్రం తనలోనే ఉంచుకున్నారు. బావమరిది కాలిన కాలర్‌ని అటూ ఇటూ తిప్పి చూస్తూ నిలబడ్డాడు. గోడ కట్టిన తొట్టిలో పెట్టి పెంచమని చెప్పి ఇన్‌స్పెక్టరు తాబేలుని ఇచ్చేశాడు. కానీ సాయంత్రానికల్లా చెరువు గట్టున, ఫలానా వీధి టైలరు పెంపుడు తాబేలుని ఇక్కడ విడవబోతూ పట్టుబడ్డాడనీ, ఇంకెవరూ అలా చెయ్యకూడదనీ పెద్ద బోర్డు వెలిసింది.

బడినుంచి వస్తూ పిల్ల ఆ బోర్డు చదివింది. తిన్నగా మాస్టారి పెరట్లోకి వెళ్ళి బట్టలు నానబెట్టే తొట్టిలోకి చూసింది. ఎర్రచుక్క చూసింది. పదేళ్ళ పిల్లకి రెండూ రెండూ కలపడం ఎంతసేపు. ఇంటికెళ్ళి, మావయ్య కుట్టిన ఫ్రాకు మడతపెట్టి తెచ్చి దుకాణం బల్లమీద పెట్టింది.

"నా తాబేలుని ఎత్తుకెళ్ళి పారేశావు. ఇంక నేను నీతో మాట్లాడను మావయ్యా."

మాస్టారు ఆ ఫ్రాకు తీసి కొక్కేనికి తగిలించారు. పిల్ల వీధి మలుపు తిరిగేదాకా చూసి, "పెద్దదవుతోందిగా. కోపాలూ పెరుగుతాయి," అన్నారు. ఆరోజు ఆయన ఇంకెవరికీ కొలతలు తియ్యలేదు. వచ్చినవాళ్ళని రేపు రమ్మన్నారు.

బావమరిది కూడా రేపు చెబుదామనుకున్నాడు. అలా ఐదు రేపులు గడిచాయి. మావయ్య ముద్దు చేస్తే తప్ప బడికి కదలని పిల్ల, ఇప్పుడు దుకాణం ముందునుంచి తల తిప్పుకుని పోతోంది. మాస్టారు అదే వేళకి మిషను ఆపి, దారం ఎక్కిస్తున్నట్టు తల వంచుకుంటున్నారు. ఆరోరోజు, కాలిన కాలర్ మార్చడానికి హెడ్మాస్టరు కొలత కోసం బావమరిది పుస్తకం తిరగేస్తే మేనకోడలి పేజీ తగిలింది. తాబేలు కొలతల వరస చివర, తాను కూతురికి అబద్ధం చెప్పిన వారం తేదీ వేసి, ఒక వాక్యం ఉంది. తూము నాలుగు, తాబేలు తొమ్మిదిన్నర.

పుస్తకం తెరిచే పట్టుకుని మిషను దగ్గరికొచ్చాడు.

"మీకు ముందే తెలుసా బావగారూ?"

"కొలిచానుగా."

"మరి ఇన్‌స్పెక్టరుకి చెప్పలేదేం? పోనీ పిల్లకి చెప్పలేదేం?"

మాస్టారు సూది కంటికి ఎత్తి దారం ఎక్కించారు. "మావయ్య పారేశాడంటే దానికి కోపం వస్తుంది, పోతుంది. నాన్న అబద్ధమాడాడని నేను చెబితే బాగుంటుందిట్రా? నువ్వే చెబుతావనుకున్నాను. కాస్త టైము పడుతుంది కదా. నీకూ కాస్త గుడ్డ వదిలాను."

ఆ సాయంత్రమే బావమరిది కూతుర్ని తొట్టి దగ్గరికి తీసుకెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. సిగ్గుతో చచ్చిపోయాడు. పిల్ల అంతా విని, తూములోంచి పోలేదా అని ఒక్కమాట అడిగింది. పోలేదన్నాడు. మావయ్య పన్నెండురోజులు నీళ్ళలో దిగి వెతికాడని కూడా చెప్పాడు. పిల్ల లేచి దుకాణానికెళ్ళి, కొక్కేనికున్న ఫ్రాకు తీసి వేసుకున్న బట్టలమీదే తొడుక్కుంది. అది మోకాళ్ళకి రెండంగుళాలు కిందికి వచ్చింది. మాస్టారి పక్కన స్టూలుమీద కూర్చుని చీకటిపడేదాకా గుండీలు ఏరిపెట్టింది. తండ్రితో మాట్లాడటానికి మాత్రం నాలుగురోజులు పట్టింది.

బావమరిది ఇన్‌స్పెక్టరు దగ్గర కూడా ఒప్పుకున్నాడు. ఇన్‌స్పెక్టరు నొచ్చుకుని, బోర్డు పీకేయిస్తానని చెప్పడానికి స్వయంగా దుకాణానికి వచ్చాడు. మాస్టారు కంగారుపడ్డారు.

"పీకకండి సార్. అది చూసి ముగ్గురు నా దగ్గరికి సంచులు పట్టుకుని దొంగచాటుగా వచ్చారు. మీరెలాగూ పెంచుతున్నారుగా, ఇది కూడా ఉంచుకోండి అని ఇచ్చిపోయారు. బోర్డు లేకపోతే అవన్నీ చెరువులోకే పోయేవి."

వారం తిరిగేసరికి ఇన్‌స్పెక్టరు బోర్డుమీద రాత మార్చాడు. పెంచలేని తాబేళ్ళని చెరువులో వదలకండి, ఫలానా వీధి టైలరుకి ఇవ్వండి, పేరు అడగరు అని రాయించాడు.

పెరట్లో పెద్ద తొట్టి కట్టడానికి మేస్త్రీ వచ్చిన రోజుకి తాబేళ్ళు తొమ్మిదయ్యాయి. కొలతెంత అని మేస్త్రీ అడిగాడు. మాస్టారు టేపు పరిచి, ఆరడుగులు, దానికో రెండంగుళాలు కలపమన్నారు.

"రెండంగుళాలేం సరిపోతాయి బావగారూ, రెండడుగులు కలపమనండి. పెరుగుతాయి," అన్నాడు బావమరిది.

మాస్టారు జన్మలో మొదటిసారి అనుమానంగా చూశారు. "మరీ అంత వదులైతే బాగుంటుందంటావా?" అన్నారు.

మేస్త్రీ చొక్కా కూడా ఈ దుకాణంలో కుట్టిందే. చేతులు పైకి మడుచుకున్నాడు, అవి మళ్ళీ కిందికి జారాయి, ఇంకోసారి మడుచుకుని ఎనిమిదడుగులకి ముగ్గు పోశాడు.