లేని దుడ్డె కోసం తొంభై సెకన్లు

తిరుమలగిరి దగ్గర మా ఊరి పాల కేంద్రంలో కంప్యూటర్‌ను బాగుచేసింది నేనేనని చాలామందికి చెప్పాను. హైదరాబాదులో కోర్సు చేశానని కూడా చెప్పాను. చేయలేదు. పొద్దున్నే వెళ్లి దాని స్విచ్ వేయడం, పాలు పోసినవాళ్లకు చీటీ చింపి ఇవ్వడం, తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు నాకు దొరికిన కొలువు అంతే.

అది లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచే పెట్టె. స్విచ్ వేస్తే నల్లటి తెర మీద తెల్లటి వరుసలు గబగబా పాకేవి. ఒకచోట ఆగేవి. ఏదో డిస్కు కోసం చూస్తున్నానని రాసి, పక్కన సెకన్లు లెక్కపెట్టేది. తొంభై దాకా. ఆ తర్వాతే తూకం, వెన్నశాతం చూసే మిషన్, చీటీల ప్రింటర్ లేచేవి. క్యాన్లు పట్టుకొని నిలబడ్డ ఆడవాళ్లతో, అది హైదరాబాదుతో మాట్లాడుతున్నదని, మధ్యలో కదిలిస్తే దానికి కోపమొస్తుందని చెప్పేవాణ్ని. లోపల మాత్రం నా అనుమానం ప్రింటర్ మీద. అన్నిటికంటే నిదానం అదే కదా. రోజూ దాని నెత్తిన ఒకటి వేసేవాణ్ని.

రిపేరుకు భువనగిరి నుంచి వచ్చిన అమ్మాయి అది చూసి నవ్వింది.

"ఎవరు నిదానమో కాదు తాతా, ఎవరి కోసం ఎవరు ఆగిన్రో చూడాలె."

మెమరీ చాలనప్పుడు వాడుకునే జాగా ఒకప్పుడు రెండో డిస్కు మీద ఉండేదట. అది పాడైతే ఎవరో ఊడదీశారు. డిస్కు పోయింది గానీ దాని పేరు రాసిన వరుస ఒక ఫైల్లో మిగిలిపోయింది. వస్తుందేమోనని మిషన్ రోజూ ఆగుతుంది, మిగతావన్నీ దాని వెనక ఆగుతాయి. ఆ వరుస ముందు చిన్న గుర్తు పెడితే చదవకుండా దాటేస్తుందని చెప్పి, పెట్టబోయింది. నేను ఆపాను. నేనే చేసి నేర్చుకుంటానన్నాను. ముసలాయనకు ఎంత ఆసక్తి అని మురిసిపోయి, కాగితం మీద అంతా రాసిచ్చి పోయింది.

అసలు సంగతి వేరు. ఆ నెలలోనే మా బర్రె దుడ్డె చచ్చిపోయింది. దుడ్డె ముందుగా పొదుగుకు మూతి పెడితేనే ఆ బర్రె చేపేది. ఇప్పుడు పొదుగు నిండా పాలుండీ చుక్క వదలదు, దొడ్డి మూల దిక్కే చూస్తుంది. నా భార్య తవుడు పెట్టి, వేడినీళ్ల గుడ్డ అద్ది, దాని మెడ గోకుతూ ముచ్చట చెబుతూ కూర్చునేది. ఎప్పటికో వదిలేది. ఆమె క్యాను ఎత్తుకొని వచ్చేసరికి, కేంద్రంలో తూచిన పాలు తీసుకుపోయే బండి కదిలిపోయేది. రెండుసార్లు పాలు ఇంటికి వెనక్కి తీసుకుపోయింది. ఇట్లయితే సంతకు తోలేద్దామని నోరు జారాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

తూకం లేచి పాలన్నీ పోస్తే గానీ బండి కదలదు. అందుకే ఆ తొంభై సెకన్లు నాకు కావాలి. ఆమె కనబడకపోతే దగ్గినట్టు నటించి స్విచ్ ఆపేవాణ్ని, మళ్లీ వేసేవాణ్ని. ఇంకో తొంభై. అరగంట దాకా బండిని ఆపానని ఇప్పటికీ చెబుతుంటాను. ఐదు నిమిషాలు దాటలేదు.

ఒకరోజు ఎండ అప్పుడే చురుక్కుమంటున్నది. పాలు విరుగుతాయని ముందున్నామె గొణుగుతున్నది. నేను బాట దిక్కు చూసి, మూడోసారి స్విచ్ ఆపాను. నా భార్య అప్పటికే వరుస చివర నిలబడి ఉంది.

ఇంటికొచ్చాక చాయ్ ముందు పెట్టి, స్విచ్ ఎందుకు ఆపావని అడిగింది. మూడు అబద్ధాలు సిద్ధం చేసుకున్నాను. మొదటిదే సగంలో ఆగిపోయింది. ఉన్నది చెప్పేశాను. ఆమె గ్లాసు పక్కకు జరిపింది.

"నా ఒక్కదాని కోసం అందరి పాలు ఇరగ్గొడతవా? డిస్కు లేదని ఆ మిషన్‌కు నువ్వు జెప్పు. దుడ్డె లేదని బర్రెకు నేను జెప్పుకుంట."

మర్నాడు కాగితం చూసి గుర్తు పెట్టాను. ఒక్క దెబ్బకు అయిందంటాను గానీ, మొదటిసారి పక్క వరుసకు పెట్టాను. తర్వాత స్విచ్ వేస్తే, ఆడవాళ్లు క్యాన్లు దించేలోపు తూకం లేచింది. మెచ్చుకున్నారు. కాదనలేదు.

ఇక మాకు మిగిలింది గంట ముందు లేవడమే. ఆమెతో పాటు నేనూ లేచాను. మెడ గోకే పని నాకు అప్పగించింది. పది రోజులకో ఏమో, బర్రె మూల దిక్కు చూడటం మాని, తవుడు నములుతూ నములుతూ చేపింది. ఆమె క్యాను ఆ రోజు వరుసలో అందరికంటే ముందుంది.

ఆ బర్రె నా చేతికే చేపుతుందని ఊళ్లో చెప్పుకుంటాను. నా చేతికి కాదు, ఆమె గొంతుకు. నేను పక్కన మెడ గోకుతుంటాను, అంతే.